ఖాళీ షీట్లు

నా పైలట్ స్టడీని మా అత్త పాడు చేసిందని ఏడాది పాటు అందరికీ చెప్పుకున్నాను. గైడు మేడానికి చెప్పాను, కాలేజీలో తోటి ట్యూటర్లకు చెప్పాను, మా అమ్మకైతే పనిగట్టుకుని ఫోన్ చేసి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆ కథలో నేను ఇంకాస్త మంచిదాన్ని అవుతూ వచ్చాను. ఇక అంతకంటే మంచిదాన్ని కావడం నా వల్ల కాదు గనక, జరిగింది జరిగినట్టు రాసుకుంటున్నా.

మాది సోమందేపల్లె. అనంతపురం నుంచి బెంగళూరు పోయే హైవేలో పెనుకొండ దాటాక వస్తుంది. మా ఆయన పట్టుచీరల మగ్గాల పనికి పోతాడు. ఇంటి వెనక బోరు కింద ఎకరా మల్బరీ, దాని పక్కనే పట్టుపురుగుల షెడ్డు. షెడ్డు మా అత్త రాజ్యం. నేను హిందూపురం వైపు ఒక నర్సింగ్ కాలేజీలో ట్యూటర్‌ని. ఇద్దరు పిల్లలు. ఇవి చాలవన్నట్టు పీహెచ్‌డీకి కూడా రిజిస్టర్ చేసుకున్నా, పార్ట్‌టైమ్. పార్ట్‌టైమ్ అంటే చదువుకు సగం టైమనుకుంటారు. మిగతా పనులన్నీ అయ్యాక ఏమైనా మిగిలితే అది.

ఊళ్లో ఈ సంగతి తెలిసిన కొత్తలో ఒకావిడ ఆపి అడిగింది.

"ఈ సదువు అయిపోతే డాక్టరమ్మ అయితావంట గదా?"

"పేరు ముందర డాక్టర్ అని రాసుకోవచ్చు."

"ఆపరేషన్లు జేస్తావా?"

"చేయను."

"సూదేస్తావా?"

"అది ఇప్పుడూ వేస్తున్నా గదా."

"మరి యాలమ్మా అంత దూరం సదివేది?"

నా దగ్గర జవాబు లేదు. మన దేశంలో నర్సింగ్ డిగ్రీ మొదలైంది 1946లో, వెల్లూరులోనూ ఢిల్లీలోనూ. పీజీ వచ్చింది 1959లో, ఢిల్లీలోని రాజకుమారి అమృత్ కౌర్ కాలేజీలో. డాక్టరేటు సంగతి ఆ తర్వాత చాలా కాలానికి గానీ మాలాంటి వాళ్ల చెవిన పడలేదు. అయినా నర్సులకు పరిశోధన కొత్తేం కాదని క్లాసులో దబాయిస్తుంటాను. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1858లోనే క్రిమియా యుద్ధంలో సైనికులు దేనివల్ల చచ్చిపోయారో లెక్కలు తీసి, గుండ్రటి రంగుల పటాలుగా అచ్చువేసి పెద్దల ముందు పెట్టింది. గాయాలకంటే జబ్బులే ఎక్కువమందిని తిన్నాయని ఆ రంగులే చెప్పాయి. ఆవిడకు పెళ్లి కాలేదనీ, పొద్దున ఏడింటి బస్సు అందుకోవాల్సిన పని లేదనీ మాత్రం పిల్లలకు చెప్పను.

నైటింగేల్‌ని చూసే కాబోలు, నేనూ ఒక రంగుల పటం గీశాను. మా అమ్మాయి కలర్ పెన్సిళ్లతో. చదువుకు పచ్చ, ఉద్యోగానికి ఎరుపు, ఇంటికి పసుపు. తెల్లవారుజామున మూడున్నర నుంచి ఐదున్నర దాకా పచ్చ. బీరువా తలుపుకు అంటించాను. ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీకి పోయే షిఫ్టు బస్సు హైవే మీద హారన్ కొట్టిందంటే నా పచ్చ గడులు అయిపోయినట్టు లెక్క. చాలా రోజులు ఆ హారన్‌కే మెలకువ వచ్చేది, ల్యాప్‌టాప్ మీద తల పెట్టుకుని. ఆ చార్టులో పురుగుల షెడ్డుకు రంగు లేదు. మా అత్తకూ లేదు. అప్పుడది తప్పుగా తోచలేదు. చదువుకునేదానికి అడ్డం రానివాళ్లే సాయం చేసినట్టు అనుకునేదాన్ని.

నా అంశం గర్భిణులూ ఐరన్ మాత్రలూ. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, అంటే 2019-21 నాటిది, మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58.8 మందికి రక్తం తక్కువని లెక్క తేల్చింది. కడుపుతో ఉన్నవాళ్లకు సర్కారు ఎర్ర మాత్ర ఇస్తుంది. ఒక్కోదాంట్లో 60 మిల్లీగ్రాముల ఇనుము, దాంతోపాటు ఫోలిక్ యాసిడ్. నాలుగో నెల నుంచి రోజుకొకటి, 180 రోజులు. కాన్పయ్యాక మళ్లీ 180. ఉచితం. ఆశా కార్యకర్త చేతికే తెచ్చిస్తుంది. అయినా రక్తం పెరగదు. ఎందుకు? ఇదీ నా ప్రశ్న. శీర్షికలో 'అనంతపురం జిల్లాలోని ఎంపిక చేసిన గ్రామాల్లో' అని రాసి ఆమోదం తెచ్చుకున్నా. 2022 ఏప్రిల్ 4న మా మండలం శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయింది. ఊరు కదల్లేదు, నేను కదల్లేదు, జిల్లా కదిలింది. శీర్షిక మార్చమని అర్జీ పెట్టుకోవడానికే రెండు సెలవులు పోయాయి. ఇది నా తెలివితక్కువతనం కాదు గానీ, ఆ సెలవుల మీద బాధ ఇంకా తగ్గక రాస్తున్నా.

నా తెలివితక్కువతనం ప్రశ్నావళితో మొదలైంది. ముందు ఇంగ్లీషులో తయారు చేయాలి, తెలుగులోకి మార్చాలి, ఇంకొకరితో మళ్లీ ఇంగ్లీషులోకి మార్పించి రెండూ ఒకటేనా అని చూసుకోవాలి. పద్ధతి ప్రకారమే చేశాను. నిపుణులు సంతకాలు పెట్టారు. మొదటి ప్రశ్న ఇది: 'మీరు ఇనుము, ఫోలిక్ ఆమ్ల మాత్రలను క్రమం తప్పకుండా సేవిస్తున్నారా?' పేపర్లో మద్యం సేవించి బండి నడిపేవాళ్లు తప్ప మా వైపు ఎవరూ ఏదీ సేవించరు. ఆ ముక్క నాకు తెలియదా? పుట్టిందీ పెరిగిందీ ఈ సీమలోనే. కానీ నిపుణుల సంతకాలున్న కాగితం చేతిలో ఉంటే మనిషికి సొంత భాష కూడా చిన్నగా కనిపిస్తుంది.

రెండో తప్పు, పైలట్ స్టడీని మా ఊళ్లోనే పెట్టుకోవడం. అనుకూలంగా దొరికినవాళ్లను తీసుకోవడానికి పరిశోధనలో ఒక పేరుంది, కన్వీనియెన్స్ శాంప్లింగ్. ఆ అనుకూలం ఎవరిదో పుస్తకాల్లో రాయరు. బస్సు ఖర్చు లేదు, సాయంత్రం కూర పొయ్యి మీద పెట్టి నాలుగిళ్లు తిరిగి రావచ్చు. ముప్పై మంది గర్భిణులు, నెలకోసారి చొప్పున మూడు నెలలు. పోయినప్పుడల్లా మాత్రల షీటు తీసుకుని ఎన్ని మిగిలాయో లెక్కపెట్టాలి. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి హిమోగ్లోబిన్ చూడాలి.

సరిగ్గా ఆ రోజుల్లోనే షెడ్డులో పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచాయి. పాత చర్మం విడిచేముందు పురుగు మేత మాని కదలకుండా పడుకుంటుంది. దాన్ని మా వైపు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచిందంటే ఇక వాటికి తిండే తిండి. పుట్టిన నాటి నుంచి తిన్నదంతా ఒక ఎత్తు, ఈ చివరి వారం ఒక ఎత్తు. అర్ధరాత్రి కూడా కొమ్మలు నరికి తెచ్చి వేయాలి. వేలాది నోళ్లు ఒక్కసారిగా ఆకు కొరికే చప్పుడు రేకుల మీద జడివాన కురిసినట్టే ఉంటుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే మంచి ఏడని చెప్పుకునే చోట, వాన చప్పుడు ఎక్కువగా వినబడేది ఆ షెడ్డులోనే.

ఆ రాత్రి మా ఆయన మగ్గం దగ్గరే ఉండిపోయాడు. ఒక కొస నుంచి నేను, ఒక కొస నుంచి మా అత్త ఆకు వేసుకుంటూ వస్తున్నాం. నేను ఒంటిచేత్తో వేస్తున్నా. రెండో చేతిలో ఫోను, ఫోనులో ఏదో జర్నల్ వ్యాసం. మధ్యలో కలిశాం.

"ఏమ్మే, నీ సదువు దేని మీద?" అంది.

మూడేళ్లయింది నేను రిజిస్టర్ చేసుకుని. ఆ మాట అడగడం అదే మొదలు. అడిగే సందు నేను ఇచ్చిందీ అప్పుడేనేమో. చెప్పాలంటే రక్తం గురించి చెప్పాలి, మాత్ర గురించి చెప్పాలి, ఎందుకు మింగరో అదే కనుక్కుంటున్నానని చెప్పాలి. పది నిమిషాల పని. ఫోనులోంచి తల ఎత్తకుండా అన్నాను కదా, "మాత్రలు అయిపోయినాయో లేదో చూసేదే నా చదువు అత్తా."

"అంతేనా?"

"అంతే."

ఇంకేమీ అడగలేదు. తన వరసలోకి పోయింది.

మూడు నెలలు తిరిగేసరికి నా లెక్కలు చూసి నాకే ముద్దొచ్చింది. ముప్పై మందిలో ఇద్దరు తప్ప అందరి షీట్లూ ఖాళీ. గడప ఎక్కకముందే షీటు చేతిలో పెట్టుకుని ఎదురొచ్చేవాళ్లు. నా కౌన్సెలింగ్ అంత బాగా పనిచేసిందని మురిసిపోయాను. చివర హిమోగ్లోబిన్ చూస్తే మాత్రం చాలామందికి ఉన్నచోటే ఉంది, కొందరికి తగ్గింది.

వీడియో కాల్‌లో గైడు మేడం పట్టిక చూసి అడిగింది ఒక్కటే మాట. "మరి ఆ ఇనుమంతా ఎక్కడికి పోయిందమ్మా?"

ఇక్కడ నా ప్రతిభ చూడండి. ఇనుము ఎక్కడికి పోయిందో వివరిస్తూ ఇరవై పేజీలు రాశాను. టీలోని టానిన్లు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. రాగుల్లో ఫైటేట్లు ఉంటాయి, మనవాళ్లు మూడుపూటలా సంగటే తింటారు. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల పైచిలుకు కాల్షియం ఉంటుంది, అదొక అడ్డు. కాల్షియం మాత్రనూ ఐరన్ మాత్రనూ ఒకేసారి వేసుకుంటున్నారేమో. చెప్పుల్లేకుండా చేలో తిరిగితే పట్టే కొక్కెపు పురుగులు ఉండనే ఉన్నాయి. అరవైకి పైగా రిఫరెన్సులు. ఒక్కటీ అబద్ధం కాదు. మింగిన ఇనుము ఒంటికి పట్టకపోవడానికి ఎన్ని కారణాలున్నాయో అన్నీ రాశాను, మింగారా అన్నది ఒక్కటి వదిలేసి. రోజుకు రెండు పచ్చ గడుల చొప్పున నాలుగు నెలలు పట్టింది ఆ ఇరవై పేజీలకు. ఆ నాలుగు నెలల్లోనే మా అమ్మాయి బడిలో 'మా అమ్మ' మీద వ్యాసం రాసింది. 'మా అమ్మ నర్సులకు పాఠాలు చెబుతుంది. ఇంటికొచ్చి తను చదువుకుంటుంది. చాలా ఏళ్లుగా చదువుతోంది. ఇంకా పాస్ కాలేదు.' టీచరు పక్కన ఎర్ర ఇంకుతో టిక్కు పెట్టింది.

అక్టోబరులో ఒక రాత్రి గట్టి వాన పడింది. తెల్లారి బస్సుకు పోతూ, నా ముప్పై మందిలో ఒకమ్మాయి ఇంటి ముందు దిబ్బ పక్కగా నడుస్తున్నా. పేడ మీద ఎర్రగా కారి ఉంది. ఆకూవక్కా ఉమ్మారనుకున్నా. వంగి చూస్తే మాత్రలు, గుప్పెడు. పైనున్న చక్కెర పూత వానకు కరిగి రంగు కారిపోయి, లోపలి మాత్ర తుప్పు పట్టిన మేకు తల మాదిరి బయటపడింది. ఒకదాన్ని కోడి పొడిచి చూసి, నచ్చక వదిలేసి పోయింది.

బస్సు పోయింది. ఆ అమ్మాయిని పిలిచాను. భయపడలేదు, దాచలేదు. "మీ అత్తే చెప్పిందక్కా. మా కోడలు సగం రేత్రి దాకా సదువుతాది, మాత్రలు మిగిల్తే పెయిలు చేస్తారంట, పాపం షీట్లు కాలీ చేసియ్యండి అనె. నువ్వేమో ఎండలో నడిచొస్తివి. మాకు మనసొప్పలేదు."

ఇల్లిల్లూ అడిగాను. మల్బరీ కోతకు వచ్చే కూలీల నోటా, నీళ్ల ట్యాంకు దగ్గరా ఆ మాట అన్ని వీధులకూ పాకింది. కొందరు దిబ్బలో వేశారు, కొందరు కాలవలో పారబోశారు, ఒకామె మాత్రం మాత్రలు పారేయడం పాపమని కరివేపాకు చెట్టు మొదట్లో పాతిపెట్టింది. మాత్ర మిగిల్తే నర్సమ్మ తిడుతుందని భయపడి పారేస్తారని పుస్తకాల్లో చదివాను. జాలిపడి పారేస్తారని ఏ పుస్తకంలోనూ లేదు.

ఆ రోజు ఇంటికొచ్చి అరిచిన అరుపులు రాయను. మా అత్త గంప దించి, చాలాసేపు విని, "నువ్వే గదా సెప్తివి, మాత్రలు అయిపోయినాయో లేదో సూసేదే సదువని," అంది. "అయిపోతే పాసనుకుంటి. సాయం జేసినా."

ఎనిమిది రోజులు మాట్లాడలేదు నేను. గైడుకు మెయిల్ పెట్టాను, 'కుటుంబ సభ్యుల జోక్యం వల్ల' అని. యూజీసీ లెక్కలో పీహెచ్‌డీకి గడువు ఆరేళ్లు, ఆడవాళ్లకు ఇంకో రెండేళ్ల సడలింపు. ఆ సడలింపు ఎందుకిచ్చారో అత్తగార్లున్న వాళ్లకు తెలుస్తుందని స్టాఫ్‌రూమ్‌లో అంటే అందరూ నవ్వారు. ఆ నవ్వు కోసం ఆ జోకు ఇంకో మూడు చోట్ల చెప్పాను.

ఏడాది అలాగే గడిచింది. తర్వాత ఒకరోజు ల్యాబులో రెండో సంవత్సరం పిల్లలకు హిమోగ్లోబిన్ పరీక్ష నేర్పిస్తూ, వేలు గుచ్చించుకోవడానికి ఎవరూ ముందుకు రాకపోతే నా వేలు ఇచ్చాను. మిషన్ మీద 9.1 అని వచ్చింది. కడుపుతో లేని ఆడదానికి 12 ఉండాలని ఐదు నిమిషాల ముందు బోర్డు మీద రాసింది నేనే. పిల్ల నా ముఖం చూసి, "మిషన్ తప్పేమో మేడం" అంది. తోటి ట్యూటరు ఐరన్ మాత్రలు నెలకు సరిపడా తెచ్చిచ్చి, వారం వారం అడిగేది. "వేసుకుంటున్నావా?" "ఆఁ, వేసుకుంటున్నా." మాత్రలు హ్యాండ్‌బ్యాగులో బస్సు చిల్లర కింద ఉన్నాయి. పొద్దున ఖాళీ కడుపున వేసుకుంటే బస్సులో కడుపులో తిప్పుతుంది, మధ్యాహ్నం టీ తాగేశాను గదా అనిపిస్తుంది, రాత్రి మరిచిపోతాను.

మా అత్తకు చెప్పింది మా అమ్మాయి. అప్పుడు షెడ్డులో పురుగులు పండి, గూళ్లు కట్టడానికి చంద్రికల మీదికి ఎక్కించే పని నడుస్తోంది. పండిన పురుగు గాజులా, వెలుగు లోపలికి పోయేలా కనిపిస్తుంది. దాన్ని కళ్లతో పోల్చుకుని ఏరాలి. మా అత్త ఏరుతూనే అడిగింది. అది ఆవిడ అడిగిన తీరు, అక్షరం మార్చకుండా రాస్తున్నా.

"మాత్రలిచ్చినారంట గదా. ఎన్ని దినాలు మర్సిపోతివి?"

"అన్నీ," అన్నాను.

నోట్లోంచి వచ్చేశాక గానీ తెలియలేదు నిజం చెప్పానని. నెల రోజులుగా చదువుకున్న మనిషి అడుగుతుంటే అబద్ధమాడిన నోరు అది. 'వేసుకుంటున్నావా' అంటే 'లేదు' అని చెప్పడం ఒక నేరం ఒప్పుకోవడం. 'ఎన్ని దినాలు మర్సిపోతివి' అంటే అందరూ మరిచిపోతారు, నువ్వెన్ని అని. ఈ కిటుకు మీద 1986లోనే అమెరికాలో మోరిస్కీ అనే ఆయన, ఇంకో ఇద్దరితో కలిసి నాలుగు ప్రశ్నల కొలమానం తయారు చేశాడు. మందు వేసుకుంటున్నారా అని కాకుండా, మరిచిపోతుంటారా అని అడుగుతుంది. మనిషి అన్నిటికీ 'ఆఁ' అంటాడు గనక, ఆ 'ఆఁ' లోంచే నిజం బయటికి రావాలని అలా పెట్టారు. ఆ కొలమానం నా థీసిస్ రెండో అధ్యాయంలో ఉంది. నేనే సారాంశం రాశాను. మార్కులు వచ్చేంత బాగా రాశాను.

ఆ రాత్రి చంద్రికల పక్కన కూర్చుని నా ప్రశ్నావళి మొత్తం చదివి వినిపించాను. 'సేవిస్తున్నారా' దగ్గర ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఏమి సేవ? దేవునికా?" అంది. రక్తహీనత అంటే ఎవరికీ తెలియదు, రక్తం తక్కువ అనమంది. మాత్ర వేసుకుంటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని కొందరికి భయం, బిడ్డ నల్లగా పుడుతుందని కొందరికి. ఆ భయాలు అడిగితే చెప్పరు, 'మీ వీధిలో ఎవురన్నా అట్ల అంటారా' అంటే అరగంట చెబుతారంది. చివర ఒకటి తనే కలిపింది. "దొడ్డికి పోతే నల్లగా వొస్తాందా అని అడుగు. అది దాసిపెట్టేకి కాదు." ఐరన్ మాత్ర మింగినవాళ్లకు మలం నల్లబడుతుందని నర్సింగ్ మొదటి సంవత్సరంలో చెబుతాం. నలభై ప్రశ్నల్లో నాకది తట్టలేదు.

కొత్త ప్రశ్నావళి మళ్లీ నిపుణుల దగ్గరికి వెళ్లింది. ఈసారి పైలట్ మా మండలంలో కాదు. మెయిల్‌లో రాసిన 'కుటుంబ సభ్యుల జోక్యం' గురించి గైడుకు ఇంకో మెయిల్ పెట్టాల్సి ఉంది; డ్రాఫ్టులో ఉంది. స్టాఫ్‌రూమ్‌లో చెప్పిన జోకును ఎలా వెనక్కి తీసుకోవాలో మాత్రం తెలియడం లేదు.

పోయిన ఆదివారం వీడియో కాల్‌లో గైడు మేడం ఒక్కో ప్రశ్నే చూసుకుంటూ వచ్చింది. ల్యాప్‌టాప్ బియ్యం డబ్బా మీద, వెనక తలుపు తెరిచే ఉంది. ఐదో ప్రశ్న దగ్గర మేడం ఆగి, ఇది బాగుందే, ఎక్కడి నుంచి తీసుకున్నావు అని అడుగుతోంది. సరిగ్గా అప్పుడే పెరట్లోంచి మా అత్త గొంతు.

"ఏమ్మే! ఈ పొద్దన్నా నల్లగా వొచ్చిందా?"

నేను మ్యూట్ బటన్ వెతుక్కునే లోపలే నా భుజం మీదుగా మా అమ్మాయి అరిచింది.

"లేదంట అవ్వా! నిన్నా మొన్నా మర్సిపోయిందంట!"